ఫుట్‌బాల్ ఆగిపోయిన మా తమ్ముడు సినిమాల్లో ఫైటర్ అవుతానంటున్నాడు – తెలిసినవాళ్ళు చెప్పండి

నాగావళి_గట్టు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. ఈ వేదికలో ఇన్నాళ్ళూ చదవడమే తప్ప రాసింది లేదు. ఇంట్లో వ్యవహారం ఎటూ తేలక ఇప్పుడు రాస్తున్నాను.

మా తమ్ముడికి 24 ఏళ్ళు. ఏడో తరగతి నుంచి ఫుట్‌బాలే వాడి లోకం. రైట్ వింగ్, అంటే కుడి అంచు వెంట, ఆడేవాడు. జిల్లాకి ఆడాడు, యూనివర్సిటీ జట్టులో రెండేళ్ళున్నాడు. పొద్దున్న ఐదింటికి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి పోతే ఎండెక్కాక గానీ ఇంటికి వచ్చేవాడు కాదు. రెండేళ్ళ కిందట ఒక మ్యాచ్‌లో, ఎవరూ తగల్లేదు, పరిగెత్తుతూ పక్కకి తిరగబోయి కుప్పకూలిపోయాడు. కుడి మోకాల్లో 'టప్'మని చప్పుడు వినిపించిందన్నాడు. పసరు కట్టు కట్టించాం. పదిహేను రోజులకి వాపు దిగింది, నడక మామూలుగానే ఉంది. ఆట మాత్రం మళ్ళీ పట్టాలెక్కలేదు. బూట్లు అటక మీద పెట్టేశాడు.

మొన్న సంక్రాంతి వెళ్ళాక కళింగపట్నం వైపు ఒక సినిమా షూటింగ్ జరిగింది. కుర్రాళ్ళు కావాలంటే స్నేహితులతో వెళ్ళాడు. హీరో తోస్తే ఇసుకలో పడాలి, అంతే పని. మిగతావాళ్ళంతా అరచేతులు ముందుకి ఆనించి పడుతుంటే వీడు భుజం మీద దొర్లి లేచి నిలబడ్డాడట. ఫైట్ మాస్టర్ దగ్గరికి పిలిచి "ఏం ఆడతావు?" అని అడిగారట. ఫుట్‌బాల్ అన్నాక ఇంకో రెండుసార్లు పడమని చూసి, సాయంత్రం ఫోన్ నంబరు రాసుకున్నారట. అప్పట్నుంచి వీడికి నిద్ర లేదు. హైదరాబాద్ వెళ్ళిపోతానంటాడు. అమ్మ అన్నం మానేసింది. నాన్నగారు లేరు కాబట్టి నిర్ణయం నా మీద పడింది.

ఆటలోంచి వచ్చినవాళ్ళకి ఆ పనిలో నిజంగా బతుకుందా? వెళ్ళనివ్వమంటారా?

గంటస్తంభం_సెంటర్:

అన్నా, ముందు మీ తమ్ముడికి ఐ.ఎం. విజయన్ గురించి చెప్పండి. త్రిశూర్‌లో స్టేడియం బయట సోడాలు అమ్మిన పిల్లాడు. కేరళ పోలీసు జట్టులో చేరి, మోహన్ బగాన్‌కి ఆడి, దేశానికి కెప్టెన్ అయ్యాడు. 2003లో భారత జట్టుకి ఆడటం మానేసేటప్పటికే 'శాంతం' అనే మలయాళం సినిమాలో ముఖ్య పాత్ర వేసి ఉన్నాడు. ఆ సినిమాకి జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది. మనవాళ్ళకి ఆయన ముఖం తెలిసింది మాత్రం విశాల్ 'పొగరు'లో. ఆ విలన్ గ్యాంగులో ఆయన్ని చూసి భయపడ్డవాళ్ళలో ఎంతమందికి ఈయన ఒకప్పుడు భారత జట్టు స్ట్రైకర్ అని తెలుసు? ఈ సంగతి నేను ఎప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు.

ఫుట్‌బాలర్ నడకే వేరు. ఒంటి బరువంతా ముందుపాదం మీద ఉంటుంది. తెర మీద నిలబడితే ఆ తేడా తెలిసిపోతుంది. ఆపకండి, వెళ్ళనివ్వండి.

పీడీ_మాస్టారు:

గంటస్తంభం గారూ, విజయన్ కథలో ఒక ముక్క వదిలేశారు. ఆయన 2025లో రిటైరైంది కేరళ పోలీసు శాఖ నుంచి. అదే ఏడాది పద్మశ్రీ కూడా వచ్చింది. అంటే సినిమా పక్కన ఉంది, కాళ్ళ కింద ఉద్యోగం ఉంది. మన కుర్రాడికి ఆ రెండోది ఉందా?

నాగావళి_గట్టు గారూ, 'టప్'మని చప్పుడు వచ్చిందన్నారు. ఎవరూ తగలకుండా, తిరుగుతుండగా వచ్చిందన్నారు. ఎంఆర్‌ఐ తీయించారా? 26 ఏళ్ళు పీడీగా, అంటే వ్యాయామ శిక్షకుడిగా చేశాను. నాకు ఆ చప్పుడు మాటే మనసులో పడింది. ముందు దీనికి జవాబు చెప్పండి.

క్రాస్‌బార్:

నేను బొబ్బిలి. ఫుట్‌బాల్ పిచ్చి, సినిమా పిచ్చి రెండూ సమానంగా ఉన్నవాణ్ణి కాబట్టి ఈ చర్చలో నాకు చెప్పడానికి చాలా ఉంది.

విన్నీ జోన్స్ సంగతి చూడండి. ఫుట్‌బాల్‌లో నిలదొక్కుకోకముందు ఇటుకలు మోసిన కూలీ. వింబుల్డన్ జట్టుతో 1988లో ఎఫ్ఏ కప్ ఫైనల్లో లివర్‌పూల్‌ని 1-0తో ఓడించాడు. 1992లో చెల్సీకి ఆడుతూ ఆట మొదలైన 3 సెకన్లకే ఎల్లో కార్డు తిన్నాడు. ఆ మొరటుతనాన్ని చూసే 1998లో 'లాక్, స్టాక్ అండ్ టూ స్మోకింగ్ బ్యారెల్స్'లో వేషమిచ్చారు. 2006 నాటికి 'ఎక్స్-మెన్' సినిమాలో గోడలు పగలగొట్టే జగ్గర్‌నాట్. మైదానంలో ఏది చెడ్డపేరు తెచ్చిందో అదే అక్కడ పెట్టుబడి అయింది. ఎరిక్ కాంటోనా అయితే 1997లో, 30 ఏళ్ళకే మాంచెస్టర్ యునైటెడ్ వదిలేసి నేరుగా నటనలోకి వెళ్ళిపోయాడు.

వీళ్ళు పేరున్నవాళ్ళు. మీ తమ్ముడికి దగ్గరి ఉదాహరణ వేరే ఉంది. 1981లో 'ఎస్కేప్ టు విక్టరీ' అని వచ్చింది. పీలే, బాబీ మూర్, ఆర్డీలెస్ అందులో ఆడారు. గోల్‌కీపర్‌గా సిల్వెస్టర్ స్టాలోన్, జట్టు కెప్టెన్‌గా మైకేల్ కేన్. వాళ్ళిద్దరికీ ఆట రాదు. మరి ఎవరు ఆడారు? ఇంగ్లండ్‌లో ఇప్స్‌విచ్ టౌన్ క్లబ్ ఆటగాళ్ళు. కేన్‌కి డూప్ కెవిన్ బీటీ, స్టాలోన్‌కి డూప్ పాల్ కూపర్. బీటీ ఇంగ్లండ్‌కి ఆడిన డిఫెండర్, కూపర్ ఇప్స్‌విచ్ అసలు గోల్‌కీపర్. ఇద్దరూ ముఖం కనపడని పని చేశారు. మన కుర్రాడు వెళ్తానంటున్నది ఆ వరుసలోకి.

పది_నంబరు:

క్రాస్‌బార్ గారికి చిన్న చేర్పు. ఇంటర్నెట్‌లో 'ఫుట్‌బాల్ ఆటగాడు సినిమాల్లోకి' అని వెతికితే ఎక్కువగా అమెరికా వాళ్ళ పేర్లు వస్తాయి. అది వేరే ఆట. కోడిగుడ్డు ఆకారం బంతి, తలకి హెల్మెట్, ఒళ్ళంతా ప్యాడ్లు. అక్కడ ఒకరినొకరు ఢీకొట్టడమే ఆట. అందుకే అక్కడి నుంచి యాక్షన్ సినిమాల్లోకి దారి పెద్దది. జిమ్ బ్రౌన్ 1966లో లండన్‌లో సినిమా షూటింగ్ వానల వల్ల ఆలస్యమైతే, క్యాంపుకి రాకపోతే జరిమానా వేస్తామని క్లబ్ యజమాని అన్నందుకు ఆటకే దండం పెట్టేశాడు. అప్పటికి అతని వయసు 30, ఆ లీగ్‌లో అతన్ని మించినవాడు లేడు. 'రాకీ' సినిమాలో అపోలో క్రీడ్‌గా వేసిన కార్ల్ వెదర్స్ కూడా ఓక్లాండ్ రైడర్స్‌కి ఆడినవాడే. 2024లో పోయాడు.

మన ఆట పాదాల ఆట. ఒకరిని తప్పించుకుని పోవడం ఇందులో గొప్ప. ఆ తేడా మనసులో పెట్టుకోండి.

నాగావళి_గట్టు:

మాస్టారూ, నిజం చెప్తున్నాను, ఎంఆర్‌ఐ తీయించలేదు. అప్పుడు చేతిలో డబ్బు లేదు. నడుస్తున్నాడు కదా అనుకున్నాం. మెట్లు దిగేటప్పుడు ఒక్కోసారి మోకాలు జారినట్టు అవుతుందంటాడు. ఇది ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు. మీరు అడిగాక నాకు టెన్షన్ మొదలైంది.

కృష్ణానగర్_గది:

తమ్ముడూ, మాది గజపతినగరం వైపు. 11 ఏళ్ళు ఫైటర్‌గా చేశాను. మూడేళ్ళ నుంచి ఒక మాస్టర్ దగ్గర అసిస్టెంట్‌ని. అందుకని ఓపిగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నాది కబడ్డీ. మా బ్యాచ్‌లో ఇద్దరు ఫుట్‌బాల్ కుర్రాళ్ళుండేవారు, ఒకడు గోల్‌కీపర్. పడడం నేర్పక్కర్లేని మనిషి వాడొక్కడే. కీపర్ పక్కకి ఎగిరినప్పుడు ముందు పిక్క, తర్వాత తొడ, తుంటి, పక్కటెముకల పక్క, భుజం, ఇలా వరసగా నేలకి ఆనిస్తాడు. దెబ్బ ఒక్కచోట పడదు, ఒళ్ళంతా పంచుకుంటుంది. మాకు నెలలు పట్టిన విద్య అది. మోచెయ్యి గానీ అరచెయ్యి గానీ ముందు ఆనిందా, మణికట్టు పోయినట్టే. మీ తమ్ముడు భుజం మీద దొర్లాడన్నారు చూడండి, మాస్టర్ నంబరు తీసుకున్నది అందుకే. వింగర్‌కి ఇంకో వరం ఉంటుంది. పూర్తి వేగంలో పరిగెత్తి రెండు మూడు చిన్న అడుగుల్లో ఆగగలడు. కెమెరా ముందు గీసిన గుర్తు మీద ఆగడానికి మేం నానా తంటాలు పడతాం.

ఇక మరిచిపోవాల్సినవి. ఆటగాడు బంతి కోసం వెళ్తాడు, గెలవాలని చూస్తాడు. మా దగ్గర అది పనికిరాదు. పంచ్ విసిరితే గడ్డానికి జానెడు దూరంలోంచి పోవాలి. కెమెరా ఒకరి భుజం వెనక ఉంటుంది కాబట్టి ఆ ఖాళీ కనపడదు. దెబ్బ తగిలిందని ప్రేక్షకుడికి చెప్పేది కొట్టినవాడు కాదు, తిన్నవాడు. పిడికిలి దాటే క్షణానికి తల తిరగాలి. ముందు తిరిగితే భయపడినట్టుంటుంది. ఆలస్యంగా తిరిగితే షాట్ పోతుంది. దీన్నే రియాక్షన్ అంటాం. మొదటి ఏడాదంతా మా చేత దెబ్బలు తినిపించారు, కొట్టనివ్వలేదు. ఆ గోల్‌కీపర్ కుర్రాడు ఎంత బాగా పడేవాడో అంత ఇబ్బంది పెట్టేవాడు. చెయ్యి వస్తుంటే అలవాటుకొద్దీ పట్టేసుకునేవాడు! ఆ అలవాటు మాన్పించడానికి ఆరు నెలలు పట్టింది.

ఎత్తు నుంచి పడేదాని గురించి కూడా రాస్తాను, ఎందుకంటే కుర్రాళ్ళకి మోజు దాని మీదే. కింద ఖాళీ అట్టపెట్టెలు వరసలుగా పేర్చి, చుట్టూ తాడు బిగించి, పైన పరుపులు వేస్తారు. కాళ్ళ మీద దిగకూడదు, వీపు పరుచుకుని పడాలి. పెట్టెలు నలిగి లోపలి గాలి పోతూ పోతూ వేగాన్ని మింగేస్తుంది. అట్టపెట్టె ఒక్కసారికే పని చేస్తుంది. రెండో టేక్ అంటే మళ్ళీ మొదటి నుంచి పేర్చాలి.

నా ఐదో ఏడాదిలో ఒక సినిమాకి రెండో అంతస్తు ఎత్తు నుంచి పడాలి. మధ్యాహ్నం రిహార్సల్ అంతా బాగా జరిగింది. భోజనాల తర్వాత లైటు కోసమని ఎవరో ఆ పెట్టెల బెడ్‌ని అడుగున్నర పక్కకి జరిపారు. నాకు చెప్పలేదు, నేను దిగి చూసుకోలేదు. నడుము పరుపు మీద పడింది, ఎడమ చెయ్యి నేల మీద పడింది. మణికట్టులో రెండు ఎముకలు విరిగాయి. నాలుగు నెలలు గదిలోనే. మొదటి రోజు ఆస్పత్రి ఖర్చు పెట్టారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. అప్పట్నుంచి ఎంత తొందరలో ఉన్నా పైకి ఎక్కేముందు నేనే వెళ్ళి నాలుగు మూలలూ మోకాలితో నొక్కి చూసుకుంటాను. ఇప్పుడు నా కింద చేసే కుర్రాళ్ళ బెడ్ కూడా నేనే నొక్కుతాను.

మీ తమ్ముడి విషయానికొస్తే, మోకాలు తేలకుండా హైదరాబాద్ రైలెక్కనివ్వకండి. రోప్ పనిలో, అంటే నడుముకి తాడు కట్టి గాల్లోకి లాగినప్పుడు, ఒక్కోసారి ఒంటికాలి మీద దిగాల్సి వస్తుంది. మెట్ల మీద జారే మోకాలు అక్కడ నిలబడదు.

సాముగరిడి:

ఇన్ని భయాలు చెప్తే కుర్రాడు ఇంట్లోంచి అడుగు బయట పెట్టడు. మా తాత విజయనగరంలో సాము చేసేవాడు. కర్ర తిప్పుతూ నిప్పుల చక్రంలోంచి దూకేవాడు. మనది కోడి రామమూర్తి నాయుడు పుట్టిన గడ్డ. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పి, సర్కస్ పెట్టి, ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసుని ఊపిరి బిగబట్టి తెంచినవాడు. ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నవాడు. స్టంట్ అనే మాట రాకముందే స్టంట్లు చేసిన మనిషి. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. అన్నీ లెక్కలు వేసుకుంటే ఆయన ఆ గొలుసు చుట్టుకునేవాడా?

పీడీ_మాస్టారు:

బాబూ, రామమూర్తిగారంటే నాకూ దణ్ణం పెట్టే మనిషే. చివరి రోజుల్లో ఆయన కాలికి పుండు పడి కాలే తీసేయాల్సి వచ్చింది. సంపాదించిందంతా దానధర్మాలకి ఖర్చయిపోయింది. ఆయన గొలుసు తెంచింది రోజుల తరబడి సాధన చేశాక, ఊపిరి మీద పట్టు సంపాదించాక. దాన్ని తెగింపు అని మనం చిన్నది చేయకూడదు.

తెగింపు మాట వచ్చింది కాబట్టి ఒకటి గుర్తు చేస్తాను. 2016 నవంబరులో బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్ళి జలాశయంలో ఒక కన్నడ సినిమా కోసం హీరోతో పాటు ఇద్దరు నటులు హెలికాప్టర్ నుంచి నీళ్ళలోకి దూకారు. ఆ ఇద్దరికీ లైఫ్ జాకెట్లు లేవు. హీరో బయటపడ్డాడు, వాళ్ళిద్దరూ మునిగిపోయారు. ధైర్యం లేకనా? ఒక జాకెట్, సమయానికి ఒక పడవ లేక.

మోకాలి విషయం: ఇది ఏసీఎల్ అనే లిగమెంట్, అంటే మోకాలి ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ, తెగడం కావచ్చు. తెగినా వాపు దిగాక నడక మామూలుగా ఉంటుంది, అందుకే జనం మోసపోతారు. పక్కకి తిరిగినప్పుడు, మెట్లు దిగినప్పుడే జారుతుంది. అలాగే తిరిగితే లోపలి గుజ్జు నలిగి, నలభై ఏళ్ళకే ముసలి మోకాలవుతుంది. ఆపరేషన్ చేస్తే కొత్త లిగమెంట్ కుదురుకోవడానికి కనీసం తొమ్మిది నెలలు గెంతులు మానేయాలి. తొందరపడి ముందే దిగినవాళ్ళకి మళ్ళీ తెగడం నా కళ్ళతో చూశాను. రేపే విశాఖ తీసుకెళ్ళి ఎంఆర్‌ఐ తీయించండి.

బరువులూరు:

మాది కొండవెలగాడ. మా ఊళ్ళో ఇంటికొకరు వెయిట్‌లిఫ్టింగ్ చేస్తారు, నేనూ చేశాను. కరణం మల్లీశ్వరి గారు సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు మా ఊరంతా పండగ. మా కోచ్ ఎత్తడం కన్నా ముందు వదలడం నేర్పారు. బార్ చేతిలోంచి తప్పుతోందని తెలిసిన క్షణంలో ఎటు తప్పుకోవాలి, బార్ ఎటు పోవాలి. అది రానివాళ్ళని పెద్ద బరువు ముట్టుకోనిచ్చేవారు కాదు. కృష్ణానగర్ అన్న చెప్పిన పడే విద్య చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

నాకో సందేహం అన్నా. ఆడపిల్లల్ని తీసుకుంటారా ఈ పనికి?

కృష్ణానగర్_గది:

తీసుకుంటారు చెల్లెమ్మా, కానీ తక్కువ. హీరోయిన్‌కి డూప్‌గా ఇప్పటికీ చాలాచోట్ల సన్నటి మగపిల్లాడికే విగ్గు పెడతారు. అది మారాలని నా కోరిక. వెయిట్‌లిఫ్టర్ నడుముకుండే బలం రోప్ పనికి బంగారం.

సాముగరిడి తమ్ముడూ, మీ మాటలో ఉన్న అభిమానం నాకూ ఉంది. విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను చూడండి. అంత ఎత్తు మాను కొసన కుర్చీలో పూజారిగారిని కూర్చోబెట్టి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. కింద లక్షల జనం పైకే చూస్తారు. నేను మాత్రం చిన్నప్పట్నుంచి కింద మాను మొదలు దగ్గర తాళ్ళు పట్టుకున్నవాళ్ళనే చూసేవాణ్ణి. రోప్ పనిలో మా ప్రాణం కూడా అలాగే తాడు లాగే ఏడెనిమిది మంది చేతుల్లో ఉంటుంది. వాళ్ళతో కలిసి భోజనం చేయని రోజు నేను తాడు కట్టుకోను.

మా పనికి గుర్తింపు కూడా నెమ్మదిగా వస్తోంది. జాతీయ అవార్డుల్లో స్టంట్ మాస్టర్‌కి అవార్డు మొదలైంది 2016 సినిమాల నుంచే. మనం 'మన్యం పులి'గా చూసిన 'పులిమురుగన్'కి పీటర్ హెయిన్ మాస్టర్‌కి ఇచ్చారు. తర్వాతి ఏడాది 'బాహుబలి 2'కి వచ్చింది. ఆస్కార్ వాళ్ళు 2027 సినిమాలకి, అంటే 2028 వేడుకలో మొదటిసారి ఇస్తారట. ఇన్నేళ్ళకి.

కుర్రాడికి చెప్పండి, మాస్టర్‌కి ఫోన్ చేసి 'మోకాలు బాగుచేయించుకుని వస్తాను' అని ఉన్నమాట చెప్పమనండి. మంచి మాస్టర్ అయితే ఆ మాటకే విలువిస్తాడు. దాచిపెట్టి వచ్చినవాణ్ణి ఏ మాస్టరూ రెండోసారి పిలవడు.

నాగావళి_గట్టు:

విశాఖ వెళ్ళొచ్చాం. ఎంఆర్‌ఐలో ఏసీఎల్ పూర్తిగా తెగిపోయిందని వచ్చింది. మాస్టారూ, మీరు అడగకపోతే వీణ్ణి ఆ మోకాలితోనే రైలెక్కించేవాణ్ణి. వాడు స్కానింగ్ గది బయట ఒక్క మాట మాట్లాడలేదు. బస్సులో మనిషి ఇక్కడ లేనట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మార్చిలో ఆపరేషన్. ఫైట్ మాస్టర్‌కి వాడే ఫోన్ చేశాడు. "నయమయ్యాక వీడియో పంపు" అన్నారట. అమ్మ ఆ రాత్రి అన్నం తింది.

పీడీ_మాస్టారు:

మంచి పని చేశారు. ఈ తొమ్మిది నెలలూ ఖాళీగా ఉంచకండి. ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్స్ కోచింగ్ కోర్సుకి, బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) ప్రవేశ పరీక్షకి ఇప్పట్నుంచే చదవమనండి. ఏది ముందు పిలిస్తే అటు వెళ్తాడు. తొడ కండరం తిరిగి రావాలి, ఎడమ తొడకీ కుడి తొడకీ తేడా టేపుతో కొలిచి నెలనెలా నాకు పంపమనండి.

నాగావళి_గట్టు:

చాలా రోజుల తర్వాత వస్తున్నాను. ఆపరేషన్ అయి ఏడు నెలలు. రెండు తొడల మధ్య తేడా సెంటీమీటరుకి వచ్చింది. పొద్దున్నే నాగావళి ఇసుకలో నడుస్తున్నాడు, పరుగు ఇంకా లేదు. సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో చిన్నపిల్లలకి పాసింగ్ నేర్పుతున్నాడు. అటక మీద బూట్లు కిందికి దిగాయి.

తొలేళ్ళ రోజున, అంటే సిరిమానుకి ముందు రోజు, విజయనగరం వెళ్ళాం. కృష్ణానగర్ అన్న సిరిమానుకి ఊరొచ్చారు, అయోధ్య మైదానం పక్కన కలిశారు. మోకాలు ముట్టుకుని చూసి, "కాళ్ళ పని వద్దు, చేతులే" అన్నారు. అరగంట సేపు తమ్ముడికి ఒకటే నేర్పారు. ఆయన పిడికిలి వస్తుంటుంది, వీడు తల తిప్పాలి. మొదట్లో వీడు ముందే తిప్పేసేవాడు. చుట్టూ పిల్లలు మూగారు. పదిహేనో సారో ఇరవయ్యో సారో, పిడికిలి దాటడం, వీడి తల తిరగడం ఒకేసారి జరిగాయి. నిజంగానే తగిలిందనుకుని నేను "అయ్యో" అని ముందుకి ఒక్క అడుగు వేశాను. తమ్ముడు గడ్డం తడుముకుంటూ నవ్వాడు. అన్న నా వైపు తిరిగి, "ఇదిగో, ఇప్పుడు వచ్చింది" అన్నారు.

తర్వాత నన్ను నిలబెట్టి వాడి చేత పంచ్ వేయించారు. వాడి చెయ్యి నా ముఖానికి జానెడు దూరంలోంచి పోయింది. గాలి తగిలింది అంతే.

జనవరిలో మాస్టర్‌కి వీడియో పంపుతాం. బీపీఈడీ పరీక్షకి కూడా చదువుతున్నాడు.